పినిసి ఎక్కేముందు ఇంజను గది చూడండి: కొమోడో దీవుల్లో అద్దె ఓడ మీద

రాత్రికి రెండున్నర కోట్లు. కొమోడో దీవుల్లో తిరగడానికి మాట్లాడుకున్న పినిసి అనే కొయ్య ఓడ అద్దె సంగతి చెబుతున్నాను. ఇండోనేషియా రూపియాల్లో లెండి. మన లెక్కలోకి మార్చుకుంటే లక్షా ముప్పై వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఆ అంకెను ఫోనులో చూసి మా ఆవిడ, "ఏమండీ, ఓడను అద్దెకు తీసుకుంటున్నారా, కొంటున్నారా?" అని అడిగింది. నాలుగు గదులు, పెద్దలూ పిల్లలూ కలిసి ఎనిమిది మందిమి, మమ్మల్ని చూసుకోవడానికి ఏడుగురు సిబ్బంది. తలసరి లెక్క వేస్తే రాత్రికి పదహారు, పదిహేడు వేలు. పడక, ప్రయాణం, మూడు పూటల తిండి అందులోనే. బాలిలో ఒక మోస్తరు రిసార్టు గదికీ, టాక్సీకీ, భోజనానికీ విడివిడిగా పెట్టే ఖర్చుకు ఇది మరీ దూరం కాదు.

డబ్బుకు తగిన విలువ దొరికిందా అంటే, దొరికింది. ప్రకటనలో చూపించిన వస్తువుల్లో మాత్రం దొరకలేదు. తెల్లని తెరచాపలు, పై అంతస్తులో పరుపు కుర్చీలు, సముద్రం కనబడే స్నానాల గది, వీటిని చూసి ఓడను ఎంచుకుంటారు చాలామంది. సొంతానికి ఓడ మాట్లాడుకున్నప్పుడు మనం నిజానికి కొనేది సమయం. ఏ రేవులో ఎప్పుడు లంగరు వేయాలి, ఎప్పుడు ఎత్తాలి అన్నది మన చేతిలో ఉంటుంది. ఆ నీళ్లు తెలిసిన సరంగు, అంటే ఓడ నడిపే పెద్ద, దొరికితే ఆ అధికారానికి విలువ ఉంటుంది. దొరకకపోతే ఎక్కువ డబ్బు పెట్టి అందరితోపాటే తిరిగి వస్తాం.

నేను సరకుల ఓడల్లో, ఇంజను గదిలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఊరు కాకినాడ. సింగపూర్‌లో ఉన్న మా అబ్బాయి దీపావళి సెలవులకు ఈ ప్రయాణం ఏర్పాటు చేశాడు. తేదీల విషయంలో మాత్రం నా మాట నెగ్గించుకున్నాను. పండగ రోజునే బయలుదేరదామన్నాడు వాడు. దీపావళి అమావాస్య. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ, సముద్రపు ఇరుకుల్లో ప్రవాహం ఉరవడిగా ఉంటుంది. ఒక వారం ఆగి అష్టమి దగ్గర పెట్టుకుంటే నీళ్లు కాస్త నెమ్మదిస్తాయి. కొమోడో జలాల్లో ఇది పంచాంగం చాదస్తం కాదు, ఎందుకో కింద చెబుతాను.

ముందు ఆ చోటు గురించి. బాలి నుంచి తూర్పుకు గంటకు పైచిలుకు విమానంలో వెళితే లాబువాన్ బాజో వస్తుంది, ఫ్లోరెస్ దీవి పడమటి కొసన. అక్కడి నుంచి పడమటికి కొమోడో, రించా, పాదర్ అనే మూడు పెద్ద దీవులు, వాటి చుట్టూ చిన్నవి అనేకం. 1980లో జాతీయ పార్కు చేశారు, 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరింది. భారతీయులకు విమానాశ్రయంలోనే వీసా ఇస్తారు. ఈ దీవులు చూడటానికి దారులు మూడు: పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే స్పీడు బోటు, మనిషికి ఇంత అని టికెట్టు కొని పదిమందితో కలిసి రెండు రాత్రులు గడిపే ఓడ, లేదా మొత్తం ఓడ అద్దె. నడుం నొప్పి ఉన్నవాళ్లు స్పీడు బోటు జోలికి పోకండి. ఉమ్మడి ఓడ కుర్రవాళ్లకు బాగుంటుంది.

అద్దెకు దొరికే వాటిలో ఎక్కువ భాగం పినిసి తరహా కొయ్య ఓడలు. వీటిని దక్షిణ సులావెసీలో, బులుకుంబా జిల్లా బీరా, తానా బేరు తీరాల్లో కడతారు. ఆ ఓడల నిర్మాణ కళకు 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఓడకు వెన్నెముక లాంటి ఏరా కొయ్యను నిలిపి, మొదట పక్క చెక్కలను కొయ్య మేకులతో ఒకదానికొకటి బిగించి ఓడ ఒంటిని లేపుతారు, లోపలి పక్కటెముకలు ఆ తరువాత. కాగితం మీద గీసుకోవడం ఉండదు, మేస్త్రీ కన్నే కొలత. తాళ్లరేవులో కొయ్య పడవలు కట్టే వడ్రంగులను చిన్నప్పటి నుంచి చూసిన నాకు ఆ చెక్కల అతుకులను తడిమి చూడటమే ఒక పూట కాలక్షేపం. ముదురు ఉలిన్ కర్ర, ఇనుమంత గట్టిది. రంగు కింద చెక్క ఆరోగ్యంగా ఉంది. అణియం (ఓడ ముందు కొస) దగ్గర మాత్రం ఒక అతుకులో నార కూరి మైనం పెట్టిన మరమ్మతు కొత్తగా కనిపించింది. అది లోపం కాదు, మరమ్మతు చేసే మనుషులు ఉన్నారనడానికి గుర్తు.

ఇక తెరచాపలు. సంప్రదాయ పినిసికి రెండు స్తంభాలు, ఏడు చాపలు. మా ఓడకూ ఉన్నాయి. ఒక సాయంత్రం, లంగరు వేసి ఉండగా, మా కోడలు డ్రోను ఎగరేసినప్పుడు వాటిని విప్పారు. ఫొటో అయ్యాక చుట్టేశారు. ఇప్పుడు పర్యాటక ఓడలన్నింటినీ నడిపేది డీజిలు ఇంజనే. గాలితో నడిచే ప్రయాణం కోసం వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుంటే నిరాశ తగ్గుతుంది.

రేవులో సామాను ఎక్కించకముందే ఇంజను గది చూపించమన్నాను. మా అబ్బాయి తల పట్టుకున్నాడు: "నాన్నా, మనం సెలవుకు వచ్చాం, తనిఖీకి కాదు." సరంగు మాత్రం ఏమీ అనుకోలేదు, టార్చి తెచ్చి తనే ముందు దిగాడు. ఒకటే ఇంజను, పాతదే అయినా శుభ్రంగా ఉంది. ఓడ అడుగున నీరు చేరే బిల్జి దాదాపు పొడిగా ఉంది, నీళ్లు తోడే పంపులు రెండు, రెండోది నడిపించి చూపించారు. జనరేటర్లు రెండు, ఒకటి విశ్రాంతిలో. కరెంటు తీగలు కొన్నిచోట్ల టేపు చుట్టి వేలాడుతున్నాయి, అది నాకు నచ్చలేదు, చెప్పాను. వంటగది గ్యాసు సిలిండరు బయట డెక్కు మీద కట్టి ఉంది, అది సరైన పద్ధతి. మంటలార్పే సిలిండర్ల మీద తేదీలు చెల్లుబాటులో ఉన్నాయి. లైఫ్ జాకెట్లు మంచాల కింద కావలసినన్ని ఉన్నాయి కానీ పిల్లల కొలతవి లేవు. మా మనవరాలికి ఏడేళ్లు. ఆ జాకెట్టు వచ్చేదాకా ఓడ కదలకూడదన్నాను. ఏజెంటు పంపిన ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద ఊళ్లోకి వెళ్లి గంటలోపు రెండు తెచ్చాడు. ఈ జలాల్లో పర్యాటక ఓడలు మునిగిన, తగలబడిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి మొహమాటపడకండి.

మరో కాగితం అడగండి. ఓడ బయలుదేరే ముందు రేవు అధికారి ఇచ్చే ప్రయాణ అనుమతి. అందులో ప్రయాణికుల పేర్లు ఉంటాయి. మన పేర్లు ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. వాతావరణం బాగాలేకపోతే ఆ అనుమతి ఇవ్వరు, ఎంత డబ్బు కట్టినా ఓడ కదలదు. అది మన మంచికే.

ఏజెంటు గురించి ఇక్కడే చెప్పేస్తాను. పేరు రాయడం లేదు. అతను పంపిన ఫొటోల్లోని ఓడ, రేవులో నిలబడ్డ ఓడ ఒకటి కాదు. "అక్కచెల్లెళ్లు, ఒకే యజమానివి" అన్నాడు ఫోనులో నవ్వుతూ. అది నిజమే కావచ్చు. ఫొటోలో వెనక గదికి రెండు కిటికీలు ఉన్నాయి, మేము ఎక్కిన ఓడలో ఆ గదికి ఒక్క గుండ్రటి అద్దం. పైగా జనరేటరుకు గోడే అడ్డు. ఆ గది మా బావమరిది దంపతులకు పడింది. రెండో రాత్రి నుంచి ఆయన పైన డెక్కు మీద పరుపు వేసుకుని పడుకున్నాడు. "బావగారూ, గది మీకిచ్చి నక్షత్రాలు నేను తీసుకున్నాను" అన్నాడు, పెద్దమనసు. ఎనిమిది మంది కంటే తక్కువ ఉంటే ఆ వెనక గదిని వదిలేయండి. నిండా ఉంటే జనరేటరు ఎన్ని గంటలు నడుపుతారో, రాత్రి ఏసీ ఎప్పటిదాకా ఉంటుందో బయలుదేరేముందే అడగండి. మాకు రాత్రంతా నడిపారు. డెక్కు మీద పడుకుంటే ఏసీ అవసరమే లేదు.

ఇక సరంగు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు వాళ్ల భాష రాదు. ఇద్దరికీ చార్టు, అంటే సముద్రపు పటం, చదవడం వచ్చు, అది సరిపోయింది. మొదటి సాయంత్రం లంగరు వేశాక మా అబ్బాయిని మధ్యలో కూర్చోబెట్టుకుని ప్రయాణ క్రమం మొత్తం తిరగరాశాం.

ఎందుకు తిరగరాయాల్సి వచ్చిందంటే, ఓడలన్నీ ఒకే క్రమంలో తిరుగుతాయి. తెల్లవారుజామున పాదర్ కొండ, అక్కడి నుంచి గులాబీ ఇసుక తీరం, ఆపైన కొమోడో దీవి, మధ్యాహ్నానికి మాంటాలు అనే పెద్ద రెక్కల చేపలు, సాయంత్రం గబ్బిలాల దీవి. పాదర్ కొండ కింద వేకువనే ఓడలు తీర్థంలో ఎడ్లబండ్లలా బారులు తీరతాయి. మెట్ల మీద ఒకరి వెనక ఒకరు నిలబడి ఎక్కాలి. మా సరంగు పాదర్‌ను మధ్యాహ్నం మూడున్నరకు మార్చాడు. ఎండ ఉంది, మెట్లు వేడిగా ఉన్నాయి, మా ఆవిడ సగం ఎక్కి చెట్టు కింద ఆగిపోయింది. కానీ పైన మా కుటుంబం, మరో జంట, అంతే. మూడు వంపుల తీరాలు, మూడు రంగుల ఇసుక అని అందరూ చెప్పే దృశ్యం అక్కడే. బాగుంటుంది. ఫొటోల్లో ఎలా ఉందో అలాగే ఉంటుంది, అంతకు మించి రాయడానికి ఏమీ లేదు.

మాంటాలను మాత్రం పొద్దున్నే పెట్టాడు, అదీ గడియారం చూసి కాదు, పోటు చూసి. పసిఫిక్ మహాసముద్రపు నీటిమట్టం హిందూ మహాసముద్రం కంటే కాస్త ఎత్తు. ఆ తేడా వల్ల ఇండోనేషియా దీవుల సందుల్లోంచి నీళ్లు నిరంతరం దక్షిణానికి పారుతుంటాయి. దానికి రోజూ వచ్చే ఆటుపోట్లు తోడవుతాయి. కొమోడో, పాదర్‌ల మధ్య లింటా జలసంధి లాంటి ఇరుకుల్లో సముద్రం గోదావరి వరదలా సుళ్లు తిరుగుతూ కనిపిస్తుంది. మా ఓడ వేగం ఏడు, ఎనిమిది నాట్లు, అంటే గంటకు పదమూడు నుంచి పదిహేను కిలోమీటర్లు. ఎదురు ప్రవాహంలో అది సగానికి పడిపోయింది, అప్పటికి అష్టమి దగ్గర పడింది కూడా. అమావాస్యకు ఎలా ఉండేదో మా అబ్బాయి తరువాత తనే అన్నాడు, నేను అడగలేదు.

ఈ ప్రవాహమే అక్కడి జీవాలకు అన్నం. అడుగు నుంచి చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి వస్తుంది, దానితో ప్లాంక్టన్ అనే నీళ్లలో తేలే చిన్న జీవులు, వాటి వెంట మాంటాలు. కాకినాడ రేవులో టేకు చేప అంటారే, ఆ బంధువర్గంలోదే మాంటా, కానీ తోకకు ముల్లు ఉండదు. రెక్క కొస నుంచి కొస దాకా మూడు, నాలుగు మీటర్లు. నోరు తెరుచుకుని ప్రవాహానికి ఎదురుగా నిలబడితే చాలు, తిండి దానంతటదే లోపలికి వస్తుంది. కాబట్టి నీళ్లు కదలాలి, మరీ ఉరవడిగా కదలకూడదు, లేకపోతే మనుషులు నిలవలేరు. ఆ మధ్య సమయం గంట, గంటన్నర ఉంటుంది. కరాంగ్ మకస్సార్ అనే ఆ పగడపు దిబ్బ మీద మమ్మల్ని ఎగువన దింపి, ప్రవాహంతోపాటు తేలుతూ పొమ్మన్నారు. డింగీ, అంటే ఓడ వెంట ఉండే చిన్న పడవ, మా పక్కనే నడిచింది. మనవరాలిని ఒక కుర్రవాడు రబ్బరు రింగుకు కట్టిన తాడుతో పట్టుకున్నాడు. మొదట ఒక నల్లటి నీడ, తరువాత దాని వెనక ఇంకొకటి, చివరికి లెక్క మరిచిపోయాను. ఒకటి సరిగ్గా మా కిందనుంచి వెళుతూ పల్టీ కొట్టి తెల్లని పొట్ట చూపించింది. పాప నీళ్లలోంచి తల ఎత్తి, "తాతా, దానికి మొహం లోపలే ఉంది!" అని అరిచింది. నోరు తెరిస్తే మొప్పల దాకా కనిపిస్తుంది, పాప చెప్పింది నిజమే.

మేము డింగీ ఎక్కి తుడుచుకునేసరికి స్పీడు బోట్లు రావడం మొదలైంది. అప్పటికి నీళ్లు జోరందుకున్నాయి. దిగినవాళ్లను దిగినట్టే లాక్కుపోతుంటే వాళ్ల డింగీలు వెంటపడి ఏరుకుంటున్నాయి. ఒకే చోటు, ఒకే రోజు, గంట తేడా. రెండున్నర కోట్లలో సగం ఆ గంటకే చెల్లిపోయిందనుకున్నాను. ఇండోనేషియా 2014లో తన జలాల్లో మాంటాల వేటను పూర్తిగా నిషేధించింది. మొప్పల పలకల కోసం వాటిని చంపేవారు.

కొమోడో డ్రాగన్లనే పెద్ద ఉడుములు అసలు ఆకర్షణ కదా, వాటి సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నానని అనుకోకండి. రించా దీవిలో లోహ్ బువాయా దగ్గర వాటిని చూడటం తేలిక. 2022లో అక్కడ ఎత్తైన నడక వంతెన, సందర్శక కేంద్రం కట్టి తెరిచారు. మోకాళ్ల నొప్పులవాళ్లకు సౌకర్యమే. కానీ పై నుంచి తొంగి చూస్తే జంతుప్రదర్శనశాల గుర్తొస్తుంది. కొమోడో దీవిలో లోహ్ లియాంగ్ దగ్గర నేల మీదే నడిపిస్తారు, ముందొక రేంజరు, వెనకొక రేంజరు, చేతుల్లో చివర రెండుగా చీలిన పొడుగాటి కర్ర. రక్తం వాసన వాటికి దూరం నుంచే తెలుస్తుంది కాబట్టి గాయాలున్నా, స్త్రీలు నెలసరిలో ఉన్నా ముందే చెప్పమంటారు. సిగ్గుపడి దాచే విషయం కాదు, రేంజర్లు మామూలుగానే అడుగుతారు, జాగ్రత్తగా పక్కన ఉండి నడిపిస్తారు.

మాకు దొరికిన రేంజరు ఆ ఊరి మనిషే, ఓపికమంతుడు. పెద్దది దగ్గర దగ్గర మూడు మీటర్లు ఉంటుంది, చెట్టు నీడలో దుంగలా పడి ఉంటే అడుగు దూరంలోకి వచ్చేదాకా కనిపించదు. నోట్లో కుళ్లు వల్లనే వేట చస్తుందని మేము చదువుకున్న రోజుల్లో అనేవారు. దవడలో విషగ్రంథులు ఉన్నాయని 2009లో శాస్త్రజ్ఞులు చూపించారు. పుట్టగానే పిల్లలు చెట్లెక్కి అక్కడే పెరుగుతాయి, కింద ఉంటే సొంత జాతి పెద్దవే తినేస్తాయి. ఒక ఆకుల దిబ్బ చూపించాడు. నారింజ రంగు కాళ్లున్న ఒక అడవి కోడి కట్టుకున్న గూడు అది, డ్రాగను ఆక్రమించి గుడ్లు పెట్టింది. సెప్టెంబరు ప్రాంతంలో పెడితే ఏప్రిల్ ప్రాంతంలో పిల్లలు బయటికొస్తాయట. జూలై, ఆగస్టు జత కట్టే కాలం, అప్పుడు అవి అడవి లోపలికి పోతాయి, చూడటం కష్టం. పార్కులో మొత్తం మూడు వేల దాకా ఉన్నాయి. 2021 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది.

కానీ నాకు గుర్తుండిపోయిన డ్రాగను ఆ రెండు చోట్లా చూసింది కాదు. దక్షిణాన, రించాకూ నూసా కోడె అనే చిన్న దీవికీ మధ్య గుర్రపు నాడా ఆకారంలో ఒక లోతైన అఖాతం ఉంది. ఉమ్మడి ఓడలు సాధారణంగా అంత దూరం పోవు. జూలై, ఆగస్టుల్లో ఆగ్నేయపు గాలులకు అక్కడ నిలవడం కష్టం, వానాకాలంలో పడమటి గాలి. రెండింటి మధ్య నవంబరు మొదట్లో సముద్రం ఊపిరి పీల్చుకుంటుంది. చార్టు మీద వేలు పెట్టి అడిగాను. సరంగు ఆకాశం వైపు, ఫోనులో వాతావరణ సూచన వైపు చూసి, రేపు అన్నాడు.

ఉత్తరంలో వెచ్చగా ఉన్న నీళ్లు అక్కడ ఒంటికి చురుక్కుమనేంత చల్లన. నీళ్లు పచ్చగా, మసకగా ఉన్నాయి. కొండలు నిటారుగా నీళ్లలోకి దిగాయి, మరో ఓడ లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఒడ్డున రాళ్ల మధ్య కదలిక. డింగీలో దూరంగా ఆగి చూశాం. ఒక డ్రాగను ఇసుక మీదికి వచ్చి, నాలుక ఆడిస్తూ నీళ్ల అంచున నడిచింది. కాసేపటికి రెండోది. చెట్ల మీద కోతులు గోల పెట్టాయి. రేంజరు లేడు కాబట్టి ఒడ్డుకు వెళ్లనివ్వలేదు, డింగీ ఇంజను ఆపలేదు. అవి ఈదగలవు మరి. అక్కడ కొందరు వంటగది మిగుళ్లు విసిరి వాటిని రప్పిస్తారని తరువాత విన్నాను. మావాళ్లు అది చేయలేదు. చేస్తే నేను ఊరుకునేవాణ్ణీ కాదు.

గులాబీ ఇసుక తీరం: ఎర్రటి గుల్లలుండే సూక్ష్మజీవుల పొడి తెల్ల ఇసుకలో కలిసి ఆ రంగు. నీళ్లు తగిలిన చోటే గులాబీ, ఎండిన చోట మామూలు ఇసుక. పిల్లలకు నచ్చింది. గబ్బిలాల దీవి దగ్గర సూర్యుడు దిగగానే మడ అడవిలోంచి పెద్ద గబ్బిలాలు వేల సంఖ్యలో లేచి ఫ్లోరెస్ వైపు పళ్లకు పోతాయి. కోరంగి మడల పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి నాకు గబ్బిలాల కంటే ఆ మడ వేర్ల మీదే ధ్యాస పోయింది. అక్కడ మాత్రం ఏ సరంగు కూడా సమయం మార్చలేడు. గబ్బిలాలు ఒకే వేళకు లేస్తాయి, ఓడలన్నీ అక్కడే ఉంటాయి, ఒక ఓడలో పాటలు హోరెత్తాయి.

తిండి బాగుంది. రోజూ సముద్రపు చేప నిప్పుల మీద కాల్చినది, కొబ్బరిపాలతో పనసకాయ కూర, టెంపె అనే పులియబెట్టిన సోయా గింజల ముద్ద వేపుడు, సాయంత్రం అరటిపండు బజ్జీలు. కాంకుంగ్ అని ఒక వేపుడు పెట్టారు, అది మన చెరువుల్లోని తూటికూరే, వెల్లుల్లి దట్టించి. మా ఆవిడ రెండుసార్లు వడ్డించుకుంది. శాకాహారులకు ఒక హెచ్చరిక: బావమరిది చేపా గుడ్డూ తినడు. కూరలన్నీ విడిగానే చేశారు, పాపం శ్రద్ధగా చేశారు. అయితే వాళ్ల సంబల్ కారంలో, కొన్ని కూరల తాలింపులో తెరాసి అనే రొయ్యల ముద్ద ఉంటుంది. వాళ్ల దృష్టిలో అది మాంసం కాదు, ఉప్పు లాంటిది. "చేప వద్దు, మాంసం వద్దు" అంటే సరిపోదు, తెరాసి వద్దని పేరు పెట్టి చెప్పాలి. మా కోడలు వాసన పట్టి మొదటి పూటే ఆపింది.

మంచినీళ్లు రేవు నుంచే ట్యాంకుల్లో తెచ్చుకుంటారు, సముద్రపు నీటిని శుద్ధి చేసే యంత్రం మా ఓడకు లేదు. స్నానాలకు పొదుపు పాటించమని మొదటి రోజే చెప్పారు. మా పిల్లలు పాటించలేదు, చివరి రోజు నీళ్ల ధార సన్నబడింది. ప్లాస్టిక్ సీసాలు లేవు, పెద్ద క్యాను నుంచి పట్టుకోవడమే, అది మెచ్చుకోవాలి. లంగరు విషయంలోనూ మా సరంగు పద్ధతిగా ఉన్నాడు. ఓడ కట్టడానికి నీళ్లలో తేలే బోయా ఉన్నచోట దానికే కట్టాడు, లేనిచోట ఇసుక చూసుకుని వేశాడు. తాకా మకస్సార్ ఇసుక దిబ్బ దగ్గర వేరే ఓడ ఒకటి పగడాల మీదే గొలుసు దించింది. ఆ గొలుసు లాగినప్పుడు కింద ఏమవుతుందో డెక్కు మీద సెల్ఫీలు దిగేవాళ్లకు తెలియదు. ఓడ మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న అడిగితే సగం మంది ఏజెంట్లు బిత్తరపోతారు.

అద్దెలో కలవని వాటి పట్టిక పొడుగు: పార్కు ప్రవేశం, రేంజరు రుసుము, డ్రోను అనుమతి, స్కూబా డైవింగు, విమానాశ్రయం బండి, చివర్లో సిబ్బందికి ఇచ్చే బహుమానం. పార్కు రుసుములు తరచు మారుతుంటాయి. 2022లో ఒక్కసారిగా మనిషికి 37.5 లక్షల రూపియాలు చేస్తామని ప్రకటిస్తే లాబువాన్ బాజోలో పర్యాటక కార్మికులు సమ్మెకు దిగారు, చివరికి ఆ ఏడాది డిసెంబరులో ప్రతిపాదన ఉపసంహరించుకున్నారు. కాబట్టి పాత వ్యాసాల్లో చదివిన ధరలు నమ్మవద్దు, నాతో సహా. బహుమానం సరంగు చేతికిస్తే అందరికీ పంచుతాడు. వంటవాడికి మా ఆవిడ విడిగా ఇచ్చింది.

ఎవరికి పనికిరాదు? రాత్రి నిశ్శబ్దంగా నిద్ర కావాలనేవాళ్లకు, ఇద్దరే వెళ్లేవాళ్లకు (ఎనిమిది మంది ఖర్చు ఇద్దరు మోయాలి, వాళ్లకు ఉమ్మడి ఓడే మేలు), నిచ్చెన మెట్లు ఎక్కలేని పెద్దలకు. లింటా జలసంధి దాటేటప్పుడు ఓడ ఊగుతుంది. మా కోడలు మాత్ర వేసుకుని కూడా గంటసేపు పడుకుంది. రాత్రిపూట ఓడ నడపనని సరంగు ఖచ్చితంగా చెప్పాడు, నేను సమర్థించాను. "రాత్రి నడిపి సమయం ఆదా చేస్తాం" అని గొప్పగా చెప్పే ఓడ ఉంటే అది ఎక్కకండి.

ఐదు నక్షత్రాల్లో సరంగుకు ఐదు, వంటకు నాలుగు, ఓడకు మూడున్నర, ఏజెంటుకు ఒకటి. ఆ ఒకటీ పిల్లల జాకెట్లు గంటలో తెప్పించినందుకు.

మళ్లీ వెళితే అదే సరంగు ఆ ఏడాది ఏ ఓడ మీద ఉంటే ఆ ఓడే మాట్లాడతాను. అడ్వాన్సు కట్టేముందు మాత్రం రెండు వాక్యాలు ఒప్పందంలో రాయిస్తాను: ఓడ పేరు, దాని రిజిస్ట్రేషను సంఖ్య స్పష్టంగా ఉండాలి, వాతావరణం వల్ల రేవు అధికారి అనుమతి ఇవ్వకపోతే డబ్బు తిరిగి ఇవ్వాలి. మా ఒప్పందంలో రెండోదానికి బదులు "తేదీ మార్చుకోవచ్చు" అని మాత్రమే ఉంది. నవంబరు కాబట్టి చెల్లింది. జనవరి, ఫిబ్రవరిల్లో పడమటి గాలులకు ఓడలు రోజుల తరబడి రేవులోనే ఆగిపోతాయి. సింగపూర్ నుంచి, హైదరాబాదు నుంచి సెలవు పెట్టి వచ్చేవాళ్లకు మార్చుకోవడానికి ఇంకో తేదీ ఎక్కడిది?